చదివింది ఎందుకు మర్చిపోతాం? ఇద్దరు సారథుల కథ



ఈ వారం వీడియోలో గీత మొదటి అధ్యాయం గురించి మాట్లాడుకున్నాం కదా. అందులో ఒక విషయం వదిలేశాను. టైం సరిపోలేదని చెప్పొచ్చు, కానీ అది సాకు. కెమెరా ముందు చెప్పటానికి ధైర్యం చాల్లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నా.

నేనిప్పుడు పేరాలలో, మా అమ్మమ్మ వాళ్ళింట్లో ఉన్నాను. చీరాలని ఆనుకుని ఉండే పేరాల. మొన్న రాత్రి పదకొండు దాటాక మా పిన్ని కొడుకు విజయవాడ నుంచి ఫోన్ చేశాడు. అక్కడ రూమ్ తీసుకుని నీట్ లాంగ్‌టర్మ్ కోచింగ్‌కి వెళ్తున్నాడు. ఆ టైంలో ఎప్పుడూ చెయ్యడు.

"అన్నయ్యా, పొద్దున చదివింది సాయంత్రానికి ఉండట్లేదు. టెస్టులో పేపర్ చూడగానే అంతా ఖాళీ అయిపోతోంది. పోయినేడు ఇట్టా లేదు. నా బుర్ర ఏమన్నా పాడైపోయిందేమో అన్నయ్యా. అమ్మకి మాత్రం చెప్పబాక."

వాడు ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. అంత మెల్లగా మాట్లాడాడు.

వాడి మాట వినగానే నా ఇంటర్ సెకండియర్ ఫిజిక్స్ పరీక్ష గుర్తొచ్చింది. పేపర్ చేతికొచ్చింది. రెండో ప్రశ్న పదిసార్లు రాసి చూసుకున్నదే. పేజీలో ఎడమవైపు పైన బొమ్మ ఉంటుందని కూడా తెలుసు. బొమ్మ గుర్తొస్తోంది గానీ సూత్రం రావట్లేదు. చేతులు చల్లబడ్డాయి, నోరెండిపోయింది. పక్కబెంచీ వాడు అడిషనల్ షీట్ అడుగుతుంటే నా గుండె చప్పుడు నాకే వినపడింది. మూడు గంటలూ అలాగే గడిచాయి. బయటికొచ్చి, ఆటోలో సగం దూరం వెళ్ళాక, ఆ సూత్రం మొత్తం కళ్ళముందు కనపడింది. ఒక్క అక్షరం పోలేదు.

అంటే నేను మర్చిపోలేదన్నమాట. ఉన్నది ఉన్నచోటే ఉంది. అవసరమైన టైంకి నా చేతికి అందలేదంతే. ఈ తేడా అర్థం కావటానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. ఇప్పుడు మా తమ్ముడికి చెప్పాల్సింది కూడా ఇదే.

అర్జునుడికి ఏమైంది?

అర్జునుడు ఎలాంటి విద్యార్థో మీకు తెలుసు. ద్రోణుడు పెట్టిన పరీక్షలో అందరికీ చెట్టు, కొమ్మలు కనపడితే, అతనికి పిట్ట కన్ను ఒక్కటే కనపడింది. అది చిన్నప్పటి మాట. కురుక్షేత్రానికి కొంతకాలం ముందు, విరాటుడి ఆవుల్ని కౌరవులు తోలుకుపోతుంటే, భీష్ముడు, ద్రోణుడు, కర్ణుడు ఉన్న సేననే ఒక్కడూ ఎదిరించి వెనక్కి పంపాడు.

మళ్ళీ వాళ్ళే ఎదురుగా నిలబడ్డారు. విల్లు కూడా ఆ గాండీవమే. విద్య ఎక్కడికీ పోలేదు. కానీ తన గురించి తాను కృష్ణుడికి ఏం చెప్పుకున్నాడో చూడండి. అవయవాలు పట్టు తప్పుతున్నాయన్నాడు. నోరెండుతోంది, ఒళ్ళు వణుకుతోంది, రోమాలు నిక్కబొడుస్తున్నాయి, చర్మం మండుతోంది, గాండీవం చేతిలోంచి జారిపోతోంది, నిలబడలేకపోతున్నాను, మనసు గిర్రున తిరుగుతోంది అన్నాడు. అన్నీ అపశకునాల్లాగే కనపడుతున్నాయని కూడా అన్నాడు.

అతని బాధ చాలా పెద్దది. తాతని, గురువుని చంపాలి. మన పరీక్షని దాంతో పోల్చటం లేదు. కానీ శరీరం చూపించిన లక్షణాలు చూడండి, పరీక్ష హాల్లో కూర్చున్న ఎవరికైనా తెలిసినవే. ఈరోజు డాక్టర్ రాసుకునే లిస్టు కూడా దాదాపు ఇదే.

లోపల జరిగేది ఇది. మెదడులో అమిగ్దలా అని బాదంగింజ ఆకారంలో ఒక చిన్న భాగం ఉంటుంది. ప్రమాదం అనిపించగానే ముందు మేలుకునేది అదే. దాని కబురుతో కిడ్నీల మీదుండే అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్‌ని వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది. కొన్ని నిమిషాల తర్వాత కార్టిసాల్ అనే హార్మోను రక్తంలో పెరుగుతుంది. అది మెదడుకి కూడా చేరుతుంది. జ్ఞాపకాలని ఏర్పరచి, వెతికి తెచ్చే పనిలో ముఖ్యమైన భాగం హిప్పోక్యాంపస్. ఈ హార్మోను అక్కడికే ప్రత్యేకంగా వెళ్ళి పట్టుకుంటుందని 1968లో బ్రూస్ మెకెవెన్ బృందం ఎలుకల్లో కనిపెట్టింది. ఆలోచించి నిర్ణయం తీసుకునేది నుదుటి వెనకుండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్. ఒత్తిడి ఎక్కువైతే దాని పట్టు కూడా సడలుతుంది. పాము కనపడితే ఆలోచిస్తూ నిలబడకూడదు, పరిగెత్తాలి. శరీరం అందుకు సిద్ధమవుతుంది. సమస్యేంటంటే క్వశ్చన్ పేపర్ పాము కాదు. దాని ముందు పరిగెత్తటం కుదరదు, ఆలోచించటమే కావాలి.

నా ఆటో సంగతికి కూడా జవాబు దొరికింది. 1998లో వచ్చిన ఒక ప్రయోగంలో, ఎలుకలకి నీళ్ళలో దారి నేర్పించారు. పరీక్షకి అరగంట ముందు చిన్న షాక్ ఇస్తే దారి తోచలేదు. షాక్ ఇచ్చిన 4 గంటల తర్వాత పరీక్షిస్తే మామూలుగానే వెళ్ళాయి. దారి చెరిగిపోలేదు, కాసేపు మూసుకుపోయింది.

కృష్ణుడు చెప్పిన మెట్లు

గీత రెండో అధ్యాయం చివర్లో కృష్ణుడు మనిషి పతనాన్ని మెట్లు మెట్లుగా చెప్తాడు. ఒక విషయాన్నే పదే పదే తలుచుకుంటే దానిమీద సంగం. సంగం నుంచి కోరిక, కోరిక నుంచి కోపం, కోపం నుంచి సమ్మోహం. ఆ తర్వాతి మెట్టు స్మృతి చెదిరిపోవటం. స్మృతి పోతే బుద్ధి నశిస్తుంది.

గీతలో కార్టిసాల్ గురించి ఉందని నేను అనను. అలా అనటం అటు శాస్త్రానికీ ఇటు శాస్త్రానికీ మర్యాద కాదు. అక్కడ స్మృతి అంటే సిలబస్ ఒక్కటే కాదు. నేనెవర్ని, ఏది మంచి అన్న ఎరుక కూడా. కానీ వరుస గమనించండి. మనసు కలగటం ముందు, మరపు తర్వాత. మనం తలకిందులుగా అనుకుంటాం. గుర్తుండట్లేదు కాబట్టి కంగారు పడుతున్నాను అంటాం. చాలాసార్లు కంగారు పడుతున్నాం కాబట్టే గుర్తుండదు. ఇరవైనాలుగు గంటలూ ర్యాంకునే తలుచుకునేవాడు ఎక్కేది ఈ మెట్లే.

మా తాతయ్య మగ్గం

అయితే ఒత్తిడి మొత్తం చెడ్డదా? కాదు. ఈ ఇంట్లో ఒకప్పుడు గుంట మగ్గం ఉండేది. తాతయ్య గుంటలో కాళ్ళుపెట్టి కూర్చుని నేస్తుంటే నేను పక్కన కూర్చునేవాణ్ణి. పడుగు బిగువు చేత్తో తట్టి చూసేవాడు. "మరీ బిగిస్తే పోగు తెగుద్దిరా. మరీ వదిలేస్తే నాడె పోగుల్లో చిక్కుకుంటది. బిగువు లేకపోతే బట్టే లేదు" అనేవాడు.

1908లో యెర్క్స్, డాడ్సన్ అనే ఇద్దరు అమెరికా శాస్త్రవేత్తలు ఎలుకల మీద ప్రయోగాల్లో చూసింది కూడా దీనికి దగ్గరగానే ఉంది. తేలిక పనిలో ప్రేరణ ఎంత గట్టిదైతే అంత త్వరగా నేర్చుకున్నాయి. కష్టమైన పనిలో మాత్రం ఒక హద్దు దాటాక నేర్చుకోవటం మందగించింది. పరీక్ష ముందు రోజు కాస్త గుబులుగా ఉండటం రోగం కాదు, అది పడుగు బిగువే. భయపడాల్సింది నెలల తరబడి ఒక్కపూట కూడా సడలని బిగువుకి.

అలాంటి బిగువు మెదడుని ఎలా మారుస్తుందో మన బెంగళూరులోనే చూశారు. అక్కడి నేషనల్ సెంటర్ ఫర్ బయలాజికల్ సైన్సెస్‌లో సుమంత్ర చట్టర్జీ బృందం ఎలుకల్ని రోజుకి 2 గంటలు, 10 రోజులపాటు కదలకుండా కట్టడి చేసింది. 2002లో ఫలితాలు వచ్చాయి. హిప్పోక్యాంపస్‌లో నరకణాల కొమ్మలు కుంచించుకుపోయాయి. భయాన్ని చూసే అమిగ్దలాలో మాత్రం కొమ్మలు ఇంకా పెరిగాయి. ఒక్క ఒత్తిడే నేర్చుకునేచోట కొమ్మలు కత్తిరించి, భయపడేచోట ఎరువు వేసింది. తర్వాత 21 రోజులు వదిలేస్తే హిప్పోక్యాంపస్ కోలుకుంది, అమిగ్దలా అంత త్వరగా కోలుకోలేదు. భయం ఆలస్యంగా పోతుంది. కాబట్టి తగ్గలేదేంటని మళ్ళీ దాని గురించి భయపడకండి.

మనుషుల్లో మంచి కబురు కూడా ఉంది. అమెరికాలో పెద్ద పరీక్షకి తయారవుతున్న 20 మంది వైద్య విద్యార్థుల్ని స్కాన్ చేశారు. నెలరోజుల ఒత్తిడి తర్వాత ఒక విషయం నుంచి ఇంకో విషయానికి దృష్టి మళ్ళించటం వాళ్ళకి కష్టమైంది. పరీక్ష అయిపోయి, ఒత్తిడి తగ్గిన నెలకి మళ్ళీ మామూలయ్యారు. 2009లో ఆ వివరాలు అచ్చయ్యాయి. కాబట్టి తమ్ముడూ, నీ బుర్ర పాడవలేదు. అలిసిపోయింది.

ఇద్దరు సారథులు

ఇప్పుడు నేను కెమెరా ముందు చెప్పలేకపోయిన విషయానికి వస్తున్నా.

కురుక్షేత్రంలో కీలకమైన ఘడియలో నేర్చిన విద్య చెయ్యి జారిన వీరులు ఇద్దరు. ఒకడు అర్జునుడు. రెండోవాడు కర్ణుడు. రథచక్రం భూమిలో కుంగుతున్నప్పుడు బ్రహ్మాస్త్రం గుర్తుకు రాలేదు. పరశురాముడి శాపం కారణమని భారతం చెప్తుంది. కర్ణుడి చావుకి కారణాలెన్నో అని మన పెద్దలు ఊరికే అనలేదు. ఆ కారణాల్లో ఒకటి అతని రథం మీదే కూర్చుని ఉంది. అతని పేరు శల్యుడు.

శల్యుడు చేతకానివాడు కాదు. సారథ్యంలో కృష్ణుడికి సాటి అని ఏరికోరి తెచ్చుకున్నారు. కానీ కర్ణుడి తేజస్సుని మాటలతో చంపుతానని ధర్మరాజుకి ముందే మాటిచ్చి వచ్చాడు. అర్జునుడి ముందు నువ్వెంత అన్నాడు. హంసతో పందెం కాసి సముద్రం మీద మునగబోయిన కాకి కథ చెప్పి, ఆ కాకివి నువ్వే అన్నాడు. గుర్రాల్ని మాత్రం బ్రహ్మాండంగా తోలాడు. అన్ని సౌకర్యాలూ అమర్చి, పొద్దస్తమానం పోల్చి చూపించే మనిషి పక్కనుంటే ఎలా ఉంటుందో కర్ణుణ్ణి అడగాలి.

రెండో రథం మీద కృష్ణుడున్నాడు. మొదటి అధ్యాయంలో ఆయన మాట్లాడేది ఒక్కసారే, అది కూడా ఒక్క ముక్క, ఇదిగో కౌరవుల్ని చూడమని. మిగతా అంతా అర్జునుడే మాట్లాడతాడు. భగవంతుడు వింటాడు. మధ్యలో అడ్డు రాడు.

రెండో అధ్యాయం మొదట్లో ఆయన కూడా గట్టిగానే మందలిస్తాడు. ఈ పిరికితనం నీకు తగదంటాడు. ఏమైంది? అర్జునుడు నేను యుద్ధం చెయ్యనని చెప్పి మౌనంగా కూర్చున్నాడు. కానీ అదే చోట, నేను నీ శిష్యుణ్ణి, దారి చెప్పు అని కూడా అడిగాడు. అప్పుడు కృష్ణుడు నవ్వుతూ మొదలుపెట్టాడు. ఆ నవ్వు గురించి వ్యాఖ్యానాల్లో చాలా ఉంది. నాకు మాత్రం అది, నువ్వు పడిపోయినా నేనిక్కడే ఉన్నానని చెప్పే ముఖంలా కనపడుతుంది. చివర్లో, పద్దెనిమిదో అధ్యాయంలో, అంతా చెప్పాను, బాగా ఆలోచించుకుని నీకు తోచినట్టు చెయ్యి అంటాడు. పగ్గాలు తన చేతిలో ఉన్నా, నిర్ణయం అతని చేతిలో పెట్టాడు.

ఇప్పుడు నా తప్పు చెప్తాను. పోయిన నెల మా తమ్ముడు కలిసినప్పుడు నేనేమన్నానో తెలుసా? "రెండో ఏడు కూర్చోబెట్టారు, ఇంత ఖర్చు పెడుతున్నారు. ఈసారి కూడా రాకపోతే ఇంక అంతేరా. మీ ఫ్రెండు చూడు, అప్పుడే సెకండియర్‌కి వచ్చాడు" అన్నాను. మంచికే అన్నాననుకున్నా. ఆ మర్నాడే స్టూడియోలో కూర్చుని గీతాచార్యుడి గురించి గంటసేపు రికార్డు చేశాను. నోట్లో కృష్ణుడు, మాటలో శల్యుడు. మొన్న రాత్రి వాడి గొంతు విన్నాక ఆ మాటలు నాకే గుచ్చుకున్నాయి. వాడికి అదే ఫోన్‌లో చెప్పాను, "నేనన్న ఆ మాట తప్పురా, క్షమించు" అని.

ఈ శల్యుడు బయటే ఉండాలని లేదు. మన లోపల కూడా కూర్చుంటాడు. "నీవల్ల కాదు, వాడు చూడు ఎంత చదివాడో, నువ్వు కాకివి" అని పగలూ రాత్రీ చెప్తుంటాడు. సారథిని మార్చుకోవటమే సాధన.

రోజూ చేసుకోవాల్సినవి

నేను నాలుగే చెప్తాను.

మొదటిది, నామంతో ఊపిరి. గాలి మెల్లగా తీసుకుని, వదిలేటప్పుడు ఇంకా మెల్లగా, కృష్ణా అని మనసులో అనుకుంటూ వదలండి. వదిలే ఊపిరి పొడవైతే వేగస్ నరం ద్వారా గుండె వేగం తగ్గుతుంది. రోజూ ఐదు నిమిషాలు చెయ్యండి. పరీక్ష రోజునే మొదలుపెడితే శరీరానికి అది కొత్త. రోజూ చేసినవాడికి హాల్లో రెండు నిమిషాలు చాలు.

రెండోది, మననం. మన సంప్రదాయంలో శ్రవణం తర్వాత మననం చెప్పారు. పుస్తకం మూసి, ఏం చదివామో లోపలినుంచి తీసి చెప్పుకోవటం. 2016లో అమెరికాలోని టఫ్ట్స్ యూనివర్సిటీవాళ్ళు రెండు గుంపులకి ఒకే విషయం ఇచ్చారు. ఒక గుంపు మళ్ళీ మళ్ళీ చదివింది. ఇంకో గుంపు మూసి గుర్తుచేసుకుంది. తర్వాత కావాలని ఒత్తిడి పెట్టి పరీక్షిస్తే, ఊరికే చదివినవాళ్ళ జ్ఞాపకం తగ్గింది, గుర్తుచేసుకుంటూ నేర్చుకున్నవాళ్ళది నిలబడింది. నేను ఫిజిక్స్ పదిసార్లు చూస్తూ రాశాను. చూడకుండా ఎన్నిసార్లు రాశానో లెక్కపెడితే సిగ్గేస్తుంది.

మూడోది, భయాన్ని బయటపెట్టటం. షికాగో యూనివర్సిటీలో రామిరెజ్, బైలాక్ 2011లో చేసిన ప్రయోగంలో, పరీక్షకి ముందు 10 నిమిషాలు తమ భయాలన్నీ కాగితం మీద రాసుకున్న కంగారు విద్యార్థులకి మార్కులు మెరుగయ్యాయి. మనసులో ఒకేసారి పట్టే చోటు కొంచెమే. అందులో సగం ర్యాంకు గురించిన భయమే ఆక్రమిస్తే లెక్కకి చోటెక్కడ? ఫలం మీద కాక కర్మ మీద దృష్టి పెట్టమన్న మాటని నేను ఇలా కూడా అర్థం చేసుకుంటాను. ఫలాన్ని కాసేపు ఆయన దగ్గర దాచమని ఇచ్చేయండి. మన చేతులు ఖాళీ అవుతాయి.

నాలుగోది, నిద్ర. ఆరో అధ్యాయంలో కృష్ణుడు, మరీ ఎక్కువ తినేవాడికీ, అసలు తిననివాడికీ, అతిగా నిద్రపోయేవాడికీ, అసలు నిద్రపోనివాడికీ యోగం కుదరదని చెప్పాడు. పగలు నేర్చుకున్నది మెదడు స్థిరపరుచుకునేది నిద్రలోనే. రాత్రి రెండింటిదాకా మేలుకోవటం తపస్సు కాదు. నేసిన బట్టని మళ్ళీ ఊడదీసుకోవటం.

ఒక్కళ్ళే మోయొద్దు

పేరాల గురించి ఒక్క మాట చెప్పి ముగిస్తాను. 1919లో మద్రాసు ప్రభుత్వం చీరాల, పేరాలని కలిపి మునిసిపాలిటీ చేసింది. ఆ పన్నులు ఇక్కడి నేతపనివాళ్ళకీ పేదలకీ మోయలేనివి. దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి మాట మీద 1921లో వేలమంది ఇళ్ళు ఖాళీ చేసి, ఊరిబయట పాకలు వేసుకున్నారు. ఆ చోటికి రామనగర్ అని పేరు పెట్టుకున్నారు. దాదాపు 11 నెలలు ఎండకీ వానకీ అక్కడే ఉన్నారు. గోపాలకృష్ణయ్యగారి వలంటీర్ల దళం పేరు రామదండు.

వాళ్ళకి ఒత్తిడి లేదా? మనకంటే ఎక్కువే ఉంది. కానీ ఎవరూ ఒక్కళ్ళే మోయలేదు. రాముడి పేరు మీద ఒక దండుగా మోశారు. మన పిల్లలు ఇవాళ ఏసీ రూముల్లో కూర్చుని ఒంటరిగా మోస్తున్నారు. "అమ్మకి చెప్పబాక" అంటున్నారు. ఫలితాలు వచ్చిన రోజున మన రెండు రాష్ట్రాల్లోనూ ఎన్ని ఇళ్ళల్లో దీపాలు ఆరిపోయాయో పేపర్లలో చూశాం. ఏ ర్యాంకూ ప్రాణం కంటే పెద్దది కాదు. మీకు బతకాలని లేదనిపిస్తే, నిద్ర, తిండి పోయి రోజులు గడుస్తుంటే, జపం చేస్తే సరిపోతుందిలే అని ఆగొద్దు. ఇంట్లో ఒక్కరికైనా చెప్పండి, డాక్టర్ని కలవండి. టెలి-మానస్ నంబరు 14416, ఎప్పుడైనా చెయ్యొచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు కట్టక్కర్లేదు. అర్జునుడంతటివాడే నావల్ల కావట్లేదని నోరు తెరిచి చెప్పాడు. చెప్పాడు కాబట్టే మనకి గీత వచ్చింది.

గీత చివర్లో అర్జునుడు చెప్పే మాట మీకు గుర్తుందా? మోహం పోయింది, స్మృతి తిరిగొచ్చింది అంటాడు. కొత్త అస్త్రం దొరికిందనలేదు. ఉన్నదే తిరిగొచ్చిందన్నాడు.

మా తమ్ముడు నిన్న పొద్దున వాళ్ళమ్మకి తనే ఫోన్ చేసి చెప్పాడట. పిన్ని ముందు కంగారుపడి, తర్వాత "ముందు ఇంటికి రా నాన్నా, చదువు సంగతి తర్వాత చూద్దాం" అందట. రేపు ఇద్దరూ పేరాల వస్తున్నారు. రెండు రోజులు పుస్తకం లేదు. అమ్మమ్మ అప్పుడే మినపట్లకి పప్పు నానబోస్తోంది. సీటు వస్తుందో రాదో నాకు తెలియదు. వాడి రథం మీద ఇకనుంచి నేను ఏ సారథినో మాత్రం నాకు తెలుసు.

మీ ఇంట్లో పరీక్ష రాసేవాళ్ళుంటే, ఈ రాత్రి వాళ్ళ పక్కన కాసేపు కూర్చోండి. ఎంత చదివావని అడక్కండి. తిన్నావా అని అడగండి.

జై శ్రీకృష్ణ. శ్రీకృష్ణార్పణమస్తు.